పచ్చ వదిలిన చక్రాలు

ఆ వేసవిలో మా లైను ఇళ్లలో నా మొగుణ్ణి పేరుతో పిలిచినవాళ్లే లేరు. "పచ్చ చక్రం వచ్చింది", "పచ్చ చక్రం పోయింది" అనేవాళ్లు. అంతకు ముందు ఆయుధపూజ నాటి నుంచీ ఆ మాటను ముద్దుగానే అన్నారు. పిల్లలు సైకిలు వెనక పరుగెత్తి మరీ అన్నారు. సమ్మె మొదలయ్యాక అదే మాట అని పక్కకు తిరిగి ఉమ్మేవాళ్లు. చేతకాని ఆడదైతే తలుపు మూసుకుని ఏడ్చేది. నేను ఆ రకం కాదు. ఒకటంటే నాలుగు అప్పగించే నోరు నాది, సింగానల్లూరులో ఎవర్నడిగినా చెబుతారు.

అసలు ఆ పచ్చ సంగతి ముందు చెప్పాలి. మా ఆయన వేలుసామి మిల్లులో స్పిన్నింగు ఖాతా, నేను రీలింగు ఖాతా. ఆయుధపూజ రోజు మిషన్లకు కుంకుమ పెట్టి, బొరుగులు పంచి, మధ్యాహ్నం సైకిలు పందెం పెట్టేవాళ్లు. పల్లడం దాకా పోయి తిరిగి రావాలి. ఆ ఏడు మా ఆయన మొదట వచ్చాడు, పక్క లైను ఈశ్వరన్ రెండో వాడుగా వచ్చాడు. ఇద్దరికీ బహుమానంగా చక్రాలిచ్చారు. అప్పటిదాకా మేము చూసిన ఇనప చక్రాలు కావు. అల్యూమినియం రిమ్ములు, చిటికెన వేలితో ఎత్తేంత తేలిక, మిల్లు గేటు రంగులో నిగనిగలాడే ఆకుపచ్చ.

మిల్లు క్లబ్బు సెక్రెటరీ సుబ్రమణియం సార్ మైకు పట్టుకుని ఏమన్నాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఇది పెయింటు కాదు. కరెంటు పెట్టి లోహంలోకే ఎక్కించిన రంగు. సున్నపు రాయితో రుద్దినా పోదు, ఆకురాయితో గీకినా పోదు. చక్రం పోయేదాకా ఈ పచ్చ పోదు! ఈ పచ్చ ఏ రోడ్డు మీద కనిపించినా అది మన మిల్లుదని కోయంబత్తూరంతా తెలుసుకోవాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

పాత ఇనుము అంగట్లో దొరికిన రేసు ఫ్రేముకు ఆ చక్రాలు వేసుకున్నాడు మా ఆయన. అప్పట్నుంచి ఆయనకు ఇంకో పెళ్లాం వచ్చినట్టే. పొద్దున లేస్తే దాన్ని తుడిచేవాడు, పడుకునేముందు దాన్ని తుడిచేవాడు.

పొంగల్ దాటాక సమ్మె వచ్చింది. పనికి రానివాళ్ల బదులు పిలిచే బదిలీ ఆళ్లుగానే ఏళ్ల తరబడి ఉంచిన వాళ్లను పర్మనెంటు చెయ్యమని అడిగితే మిల్లు యజమాని, మా మొదలాళి, కాదన్నాడు. గేటు మూతపడింది. లోపలికి పోయేవాళ్లు లేకపోయినా వేళకు మిల్లు సైరను, మా మాటలో సంగు, మాత్రం ఊదేవాళ్లు. ఆ కూత వింటే కాళ్లు వాటంతటవే లేవబోయేవి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ కూర్చునేవాళ్లం. యూనియన్ కొట్టం ముందు కంజి తొట్టి పెట్టారు. పొద్దున అక్కడ గంజి పోస్తే చెంబు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. అందులో సిగ్గేముంది, అందరమూ ఒకటే కదా అనుకున్నాను.

ఒక రోజు తెల్లవారుతుండగా పక్క గేటులోంచి సైకిలు ఒకటి లోపలికి పోయింది. దూరం నుంచి చూసినవాళ్లకు మనిషి ఎవరో ఆనలేదు, చక్రాలు పచ్చగా కనిపించాయి. అంతే! గంజి వేళకు మా ఆయన కరుంకాలి అయిపోయాడు. సమ్మె విరిచి లోపలికి పోయేవాణ్ణి మా వైపు ఆ మాటే అంటారు. దాన్ని మించిన తిట్టు మిల్లు లైన్లలో లేదు.

గంజి పోసే పాప్పమ్మాళ్ నా చెంబు చూసి గరిటె పైకెత్తింది. "నీ మొగుడు లోపల బిరియాని తింటుండాడు గదా, నీకేమిటికమ్మా కంజి?" అంది.

"నా మొగుడు ఇంట్లో నులక మంచానికి తాడు బిగిస్తుండాడు. కండ్లుంటే వచ్చి చూడు. లోపలికి పోయింది ఈశ్వరన్."

"పచ్చ చక్రం నేనే చూస్తిని."

"పచ్చ చక్రాలు రెండు జతలుండాయని నీకు తెలియదా? ఆ పొద్దు పందెంలో ముందు నిలబడి లడ్డు తింటివి గదా!"

వరసలో నమ్మినట్టు ఒక్క మొహమూ లేదు. చెంబు బోర్లించుకుని ఇంటికి వచ్చేశాను. దారంతా ఒళ్లు మండిపోయింది. గంజి పోయిందని కాదు, ఆ మొహాలకు మండింది.

ఆ సాయంత్రమే సమ్మె కమిటీ గురుసామి అణ్ణ మా ఇంటికొచ్చాడు. మంచి మనిషి, గొంతెత్తి మాట్లాడడు. గుమ్మంలోనే కూర్చున్నాడు.

"తిరుప్పూరుకు సైకిళ్ల ఊరేగింపు పోతాము, వేలూ. ఆడ బనియన్ కంపెనీల ఆళ్లు బియ్యం పోగు చేసి ఇస్తామన్నారు. ముందు పోయి దారిలో ఊరూరా చెప్పేదానికి గాలి మాదిరి తొక్కేవాడు కావాల. నీకంటే ఎవరుండారు?" అని ఆగాడు. "కానీ ఆ చక్రంతో వద్దు. నేను నమ్ముతాను. నేనొక్కణ్ణి నమ్మితే చాలదు గదా. దాన్ని ఇంట్లో పెట్టి, వెనక లారీలో రా."

"నేను తొక్కి గెలిచిన చక్రం అణ్ణా అది" అన్నాడు మా ఆయన. ఆ రోజు మొత్తానికి ఆయన అన్న మాట అదొక్కటే.

మర్నాడు ఈశ్వరనే వచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "సెక్రెటరీ సార్ చెప్పి పంపినాడు. పచ్చ చక్రం కనిపిస్తే చాలు, పక్క గేటు తెరుస్తారంట. నీకు మేస్త్రీ పని ఇస్తారంట. రాకపోతే, సమ్మె ముగిసినాక చక్రాలు క్లబ్బుకు తిరిగి ఇచ్చేయాలంట. పచ్చగా ఉండేదంతా మిల్లుదేనంట."

"బహుమానం ఇచ్చి తిరిగి అడిగేది ఏ ఊరి మర్యాద?" అని నేను లేచేసరికి ఈశ్వరన్ వీధి దాటేశాడు.

ఇప్పుడు చూడండి మా పని. ఆ రంగు ఉన్నంత కాలం సమ్మెలో వాళ్లకు మా ఆయన మొదలాళి మనిషి. మొదలాళికేమో ఆ రంగు ఉన్నంత కాలం చక్రాలు తనవి. తొక్కి చెమటోడ్చిన మనిషికి మాత్రం ఏమీ లేదు.

"లోపలికి పోవాలని ఉండాదా మామా?" అని అడిగేశాను.

"లేదు."

"చక్రాలు ఇచ్చేస్తావా?"

"అదీ లేదు."

"అయితే రంగు తీసేయి!"

చెప్పడం తేలికే. ముందు నల్ల పెయింటు వేసి చూశాము. బ్రేకు ఒక్కసారి పట్టగానే పొరలు పొరలుగా లేచి కింది నుంచి పచ్చ నవ్వింది. కిరసనాయిలు పోసి తుడిచాము. ఇటుక పొడితో తోమాను. ఇత్తడి బిందెలు తోమే చింతపండు, బూడిద పెట్టి భుజాలు పడిపోయేలా రుద్దాను. ఆయన గరుకు ఉప్పు కాగితం పట్టుకుని మధ్యాహ్నమంతా గీకితే గోరంత మేర మెరుపు తగ్గింది, పచ్చ పోలేదు. "సుబ్రమణియం మైకులో అబద్ధం చెప్పలేదే" అని కాగితం విసిరికొట్టాడు. ఆయన ఏదైనా విసరగా నేను చూడటం అదే మొదటిసారి.

దారి చూపింది మా అత్త సెల్లాయి. చూపుదామని చూపింది కాదులెండి.

మా అత్త మిల్లు బ్లీచింగు షెడ్డులో పనిచేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో ఒక జాడీలో కాస్టిక్ బిళ్లలు ఎప్పుడూ ఉండేవి. మిల్లు వాళ్ల ఇళ్లలో నూనె మరకల గుడ్డలు మట్టి తొట్టిలో కాస్టిక్ నీళ్లు పోసి నానబెట్టడం అలవాటు. ఊరేగింపు జెండాలకు ఎరుపు అద్దాలంటే ముందు పాత గుడ్డల జిడ్డు వదలాలి కదా, గురుసామి అణ్ణ ఆ పని ఆమెకే అప్పగించాడు. మొగుడి మీద ఊరంతా ఉమ్ముతున్నా జెండా గుడ్డలు మా ఇంటికే! దానికీ నాకు కోపమే. ఇంతకూ, రోజూ ఆ నీళ్లు తోడే ఇనప గరిటెను శుభ్రంగా తోమి కంజి తొట్టికి ఇచ్చేసింది. చేతికి దొరికిన టంబ్లరుతో తోడింది. తోడి, దాన్ని అందులోనే మరిచిపోయింది.

ఆ టంబ్లరు మామూలుది కాదు. మదురై చిత్తిరై తిరునాళ్లలో ఆమె అన్న కొనిచ్చిన రంగుల టంబ్లర్లలో ఒకటి. అల్యూమినియం మీద ఎరుపు, పసుపు, పచ్చ రంగులు. చుట్టాలొస్తే తప్ప అటక దిగేవి కావు, మొన్న గురుసామి అణ్ణ వచ్చినప్పుడు దించిన ఇదొక్కటే కింద ఉండిపోయింది. నేను కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకు కాఫీ ఇచ్చింది కూడా వాటిలోనే.

మర్నాడు పొద్దెక్కాక పెరట్లోంచి కేక. పోయి చూస్తే మా అత్త టంబ్లరు పట్టుకుని చతికిలబడి ఉంది. "అయ్యో నా టంబ్లరు! నా అన్న ఇచ్చిన పచ్చ టంబ్లరు! చూడవే, అడుగు ఊడిపోయింది. రంగంతా తినేసిందే!"

తీసుకుని చూశాను. అడుగున చిల్లు. ఒంటి మీద ఎక్కడా రంగు లేదు, బూడిద రంగు రేకు. నీళ్లకు పైన తేలిన అంచు దగ్గర మాత్రం పచ్చ పట్టీ ఒకటి మిగిలింది. దాన్ని గోటితో గీకాను. కదల్లేదు. ఇదే మొండితనం నేను నాలుగు రోజులుగా ఎక్కడ చూస్తున్నానో గుర్తొచ్చింది. పరుగెత్తి పోయి టంబ్లరు అంచును చక్రం పక్కన పెట్టాను.

"అత్తా, ఏడ్చేది ఆపు. ఎర్ర టంబ్లరు ఎక్కడుండాది?"

"ఏమిటికి?" అని అటక వైపు చూసి, నా మొహం చూసి, ఆమెకు అర్థమైంది. "పోవే! నా ప్రాణం పోయినా ఇవ్వను."

"నీ కొడుకును కరుంకాలి అంటుండారు. టంబ్లరు ముఖ్యమా?"

గొణుక్కుంటూ లేచి, స్టూలు వేసుకుని తానే దించింది. తిట్టుకుంటూనే నా చేతిలో పెట్టింది. మా అత్తలాంటి మనిషిని నేనింకొకరిని చూడలేదు.

ఎర్ర టంబ్లరును కాస్టిక్ నీళ్లలో ముంచాను. బుసబుసమని బుడగలు లేచాయి. వెంటనే పైకి తీసి మంచినీళ్లలో కడిగాను. రంగు సగం పోయింది, రేకు గట్టిగానే ఉంది. మరోసారి ముంచి తీశాను. రంగు మొత్తం పోయింది, చిల్లు పడలేదు. అంటే ముంచాలి, మరిచిపోకూడదు. అంతే కిటుకు.

ఆ రోజు మా ఆయన పీలమేడు మిల్లుల వాళ్లతో మాట్లాడేందుకు గురుసామి అణ్ణతో నడిచిపోయాడు. అడిగి చేద్దామంటే ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. వెనక చక్రం ఊడదీశాను. పంక్చర్లు వేసేటప్పుడు ఎన్నిసార్లు పట్టుకోలేదు! టైరు, ట్యూబు తీసేశాను. రెండు రాళ్ల మీద ఇరుసు ఆనించి చక్రాన్ని నిలబెట్టాను. కింద మట్టి తొట్టి. చక్రం అడుగు మాత్రమే నీళ్లలో మునిగేలా సరిచేశాను.

"ముందు నీళ్లు పొయ్యి, తరవాత కాస్టిక్ వెయ్యి. తిరగేసి చేస్తివా, మొహం మీదికి ఎగురుతుంది" అని మా అత్త ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పక్కన నిలబడింది. నా ముక్కుకూ కట్టింది.

కర్రతో చువ్వలను నెట్టి చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పాను. నీళ్లు నురగ కట్టాయి. గొంతులో ఘాటు దిగింది. ఒక చుక్క వేలి మీద పడితే చర్మం సబ్బు రాసినట్టు జారింది, తరవాత భగ్గుమంది. మా అత్త వేలు పట్టుకుని నీళ్ల కుండలో ముంచింది, నేను రెండో చేత్తో తిప్పుతూనే ఉన్నాను. ఒక చుట్టు తిరిగింది. పచ్చ పోయింది. పోయిన చోట చక్రం నల్లగా, మసి పూసినట్టు పైకి వచ్చింది.

నిజం చెబుతున్నాను, ఆ వేసవి మొత్తంలో నేను భయపడింది అప్పుడొక్కసారే. ఆయన ప్రాణంగా చూసుకునే చక్రాన్ని నాశనం చేశాననుకుని అక్కడే కూలబడ్డాను.

మా అత్త నన్ను కాలితో తోసింది. "లేవే! కాస్టిక్‌లో ఉడికిన నూలు మాత్రం తెల్లగా వస్తుందా? షెడ్డులో కాస్టిక్ తరవాత పులుపు పెట్టకుండా బయటికి పంపేదే లేదు. చింతపండు తే."

నిన్న చేతగాని చింతపండు ఇవాళ పని చేసింది. కొబ్బరి పీచుతో రుద్దుతుంటే మసి మురికిలా కారిపోయింది, అడుగు నుంచి తెల్లని లోహం బయటపడింది. నీళ్లు పోసి కడిగి ఎండలో నిలబెట్టాను. ఇద్దరమూ దాన్నే చూస్తూ కూర్చున్నాము. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఎండ వాలుతుండగా ఆయన వచ్చాడు. సైకిలుకు ముందు చక్రం పచ్చగా ఉంది, వెనక చక్రం లేదు. గోడకు తెల్లని చక్రం ఆనించి ఉంది.

"ఇంగ పక్క గేటు నీకు తెరవరు మామా" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

చక్రం దగ్గర కూర్చుని బొటనవేలితో రిమ్ము చుట్టూ నిమిరాడు. లేచి గూట్లోంచి స్పానరు తీసుకున్నాడు. ముందు చక్రం నట్లు తనే విప్పాడు, టైరు తీశాడు, తెచ్చి రెండు రాళ్ల మీద పెట్టాడు.

"బ్రేకు పడుతుందా?" అని మాత్రం అడిగాడు.

"ముందుకంటే బాగా పడుతుంది" అన్నాను, నాకేమీ తెలియకపోయినా. అది నిజమే అయింది కూడా.

ఊరేగింపు రోజు గురుసామి అణ్ణ సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. "ఎట్ల పోయింది వేలూ?"

"మా అమ్మను, నా పెళ్లాం తిలకవతిని అడుగు" అన్నాడు మా ఆయన.

అణ్ణ అడగలేదు. మా అత్త అద్దిన ఎర్ర జెండాను తానే హ్యాండిలుకు కట్టి, "ముందు పో" అన్నాడు. మా ఆయన సైకిలు తెల్లగా మెరుస్తూ అందరికంటే ముందు తిరుప్పూరు రోడ్డెక్కింది. వెనక వందల సైకిళ్లు. రోడ్డు పక్కన నిలబడ్డ పాప్పమ్మాళ్ ఇటూ అటూ చూసి నా దగ్గరకొచ్చి, "చెంబు తేలేదా?" అంది.

"రేపు తెస్తాను. నిండా పొయ్యాల" అన్నాను.

నిండానే పోసింది. తిరుప్పూరు బియ్యంతో గంజి చిక్కబడింది.

ఎండలు తగ్గకముందే మొదలాళి దిగొచ్చాడు. బదిలీ ఆళ్లను విడతలుగా పర్మనెంటు చేస్తామన్నారు, సమ్మెలో జరిగినదానికి ఎవరినీ దండించకూడదని ఒప్పుకున్నారు. గేటు తెరిచిన రోజు అందరమూ స్నానాలు చేసి పెళ్లికి పోయినట్టు పోయాము. మా అత్త కూడా చూడ్డానికి వచ్చింది.

గేటు దగ్గర సుబ్రమణియం సార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దండన వద్దన్నారు గానీ, క్లబ్బు వస్తువులు అడగొద్దని ఎవరూ అనలేదు కదా. మా ఆయన్ను చూడగానే చెయ్యి చాచాడు. "చక్రాలు."

మా ఆయన సైకిలు ఆయన ముందు నిలబెట్టాడు. "ఇవే సార్."

సార్ వంగి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఏమిరా, ఆటలా? పచ్చ చక్రాలు అమ్ముకుని ఎక్కడిదో పాత రిమ్ములు తగిలించుకొచ్చావా?"

"ఇవే సార్. రంగు పోయింది."

"రంగు పోయిందా! అది పోయే రంగా? అంత మందిలో మైకులో చెప్పింది నేను కాదా? చక్రం పోయేదాకా ఆ పచ్చ పోదు!"

వరసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. గురుసామి అణ్ణ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అయితే ఇవి మిల్లువి కావా సార్?" అని అడిగాడు మా ఆయన, చాలా నెమ్మదిగా.

"కావు! మావి పచ్చవి. ఈ చెత్త మాకెందుకు? తీసుకుపో!"

"అందరూ వింటిరా?" అన్నాడు గురుసామి అణ్ణ.

విన్నారు. మొదట నవ్వింది పాప్పమ్మాళ్. ఆ తరవాత గేటు గేటంతా నవ్వింది. సార్‌కు ఎందుకు నవ్వుతున్నారో కాసేపటికి అర్థమైనట్టుంది, మళ్లీ చక్రం వైపు చూశాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అన్ని చెవులు అడ్డమున్నాయి. సంగు ఊదారు. ఆయన కుర్చీ తీయించుకుని లోపలికి పోయాడు.

మా ఆయన సైకిలు సీటు మీద చెయ్యి వేసి నా వైపు చూసి నవ్వాడు. అందరి ముందూ అట్లా చూస్తే నాకు సిగ్గు ముంచుకొచ్చింది, నాక్కూడా సిగ్గుందని ఆ రోజే తెలిసింది.

వెనక నుంచి మా అత్త గొంతు లేచింది. "చక్రాలు మనవయినాయి, సంతోషం! నా టంబ్లర్లు ఎవరిస్తారు?"

"వచ్చే చిత్తిరైకి ఈ చక్రాల మీదే మదురై పోయి తెస్తానమ్మా" అన్నాడు మా ఆయన.

అన్నట్టే పోయాడు, తెచ్చాడు. పోయేముందు మా అత్త వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పి మరీ పంపింది, ఏ రంగైనా తే గానీ పచ్చ మాత్రం వద్దని.